చిన్న తెరచాప పడవకు నిచ్చెన: నీళ్ళలో పడ్డ మనిషి వైపు నుంచి చూసి బిగించండి

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. మీరూ మీ బావమరిదీ కలిసి విశాఖలో పదహారడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ కొని రంభ దగ్గర చిలికా సరస్సులో నడుపుతున్నారు. మొన్న ఆయన నీళ్ళలో పడ్డారు. మీరు పైనుంచి ఎంత లాగినా ఎక్కించలేకపోయారు. చివరికి అటుగా వెళ్తున్న జాలర్లు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాల్సి వచ్చింది. ఇప్పుడు బరంపురంలో మెట్ల రెయిలింగులు చేసే షాపులో స్టీలు నిచ్చెన చేయించి, పడవ వెనక నాలుగు స్క్రూలతో బిగిద్దామనుకుంటున్నారు. అసలు తాడు నిచ్చెన కొనుక్కుంటే సరిపోదా అని కూడా అడిగారు.

తాడు నిచ్చెన సరిపోదు. నాలుగు స్క్రూలు అసలు పనికిరావు. బరంపురంలో చేయించడం తప్పేమీ కాదు గానీ స్టీలు విషయంలో జాగ్రత్త పడాలి, అది కింద చెబుతాను. అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. ఈ నిచ్చెన పడవలో కూర్చున్నవాళ్ళ కోసం కాదు. తడిసిన బట్టలతో, లైఫ్ జాకెట్‌తో, ఊపిరి అందక నీళ్ళలో ఉన్న ఒంటరి మనిషి కోసం. అతని చేతికి అందాలి, అతనే దించుకోగలగాలి, అతని కాలికి మెట్టు దొరకాలి. ఎక్కడ బిగించాలి, ఎంత పొడవు ఉండాలి, ఎలా కట్టి ఉంచాలి అన్నవన్నీ అక్కడినుంచే తేలతాయి.

గోపాల్‌పూర్ ఒడ్డున మన మత్స్యకారుల ఫైబర్ బోట్లకు నిచ్చెనలు ఉండవు కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. ఆ మాట వినకండి. ఆ బోట్ల అంచు ఎత్తు తక్కువ, లోపల లాగడానికి ముగ్గురు నలుగురు ఉంటారు, పైగా చిన్నప్పటినుంచి అలల్లో పెరిగిన ఒళ్ళు. మీ పడవలో ఉండేది ఇద్దరు. ఒకరు నీళ్ళలో పడితే పైన మిగిలేది ఒక్కరు, ఆ ఒక్కరే చుక్కానీ తెరచాపా చూసుకోవాలి.

మనిషి ఎందుకు ఎక్కలేడో మీరు కళ్ళారా చూశారు. మీరు చెప్పినదాన్నిబట్టి మీ పడవ వెనక అంచు నీటి పైన సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ నీళ్ళలో కాలు ఆనడానికి ఏమీ ఉండదు. చేతులతో అంచు పట్టుకుని పైకి లాక్కోగానే కాళ్ళు పడవ అడుగుకు కొట్టుకుపోతాయి, వీపు వెనక్కి వాలుతుంది. లైఫ్ జాకెట్ ఛాతీ ముందు ఉబ్బి పడవ గోడకు అడ్డం పడుతుంది. బట్టల్లో ఉన్న నీళ్ళు నీటిలో ఉన్నంతసేపు బరువు అనిపించవు గానీ ఒంటి సగం పైకి లేవగానే కిందికి లాగుతాయి. మొదటి రెండుసార్లు కాకపోతే మూడోసారికి చేతుల్లో సత్తువ ఉండదు.

చిలికా లోతు తక్కువే కదా, నిలబడొచ్చు కదా అనే మాట కూడా రంభలో వినబడుతుంది. సరస్సులో చాలా భాగం లోతు తక్కువే. కానీ మీరు తిరిగే దక్షిణ భాగం మిగతా వాటికంటే లోతు. తక్కువ ఉన్న చోట కూడా అడుగున మెత్తటి బురద, నాచు. అందులో కాలు దిగితే ఊతం దొరకదు, పైగా ఇరుక్కుంటుంది. నిలబడే లెక్క వదిలేయండి.

ఇక తాడు నిచ్చెన సంగతి. పడవ గోడకు వేలాడదీస్తే దాని మెట్లు గోడకు అతుక్కుని ఉంటాయి, బొటనవేలు తప్ప పాదం దూరదు. బరువు వేయగానే మొత్తం నిచ్చెన పడవ అడుగుకు జారిపోతుంది. మనిషి కాళ్ళు ముందుకు, తల వెనక్కి వాలి దాదాపు పడుకున్నట్టు అవుతాడు. అక్కడినుంచి ఎక్కాలంటే చేతుల బలమే దిక్కు, అదే అప్పుడు లేనిది. చెక్క మెట్లున్నది తీసుకుని అడుగు మెట్టుకు బరువు కడితే కొంత నయం. రెండో ఉపాయంగా ఒకటి సంచిలో ఉంచుకోండి, కాదనను. అసలు ఆధారం మాత్రం గట్టి నిచ్చెనే కావాలి. బొత్తిగా తేలికైన డింగీలు, అంటే ఒక్కరే నడిపే రకం, వాటికి ఈ సలహా వర్తించదు. వాటికి వెనకనుంచి పొట్ట మీద పాకి ఎక్కడమో, పట్టీతో చేసిన రికాబు ఒకటి వేలాడదీయడమో చాలు. మీది చిన్న క్యాబిన్ ఉన్న పడవ, బరువూ ఉంది, కాబట్టి నిచ్చెన మోస్తుంది.

పొడవు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. మార్కెట్లో రెండు మెట్ల, మూడు మెట్ల నిచ్చెనలు అందంగా ఉంటాయి, కింది మెట్టు నీళ్ళను తాకీ తాకనట్టు ఉంటుంది. ఈతకొట్టేవాడు ఆ మెట్టు మీద పాదం పెట్టాలంటే మోకాలిని గడ్డం దాకా తేవాలి. ఐఎస్‌ఓ 15085 అనే అంతర్జాతీయ పడవల ప్రమాణం, కింది మెట్టు నీటి మట్టానికి కనీసం 300 మిల్లీమీటర్లు కింద ఉండాలంటుంది. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ ముందు 12 అంగుళాలు అని, తర్వాత దాన్ని 22 అంగుళాలకు పెంచింది. నా సలహా రెండోదే, అంటే సుమారు 55 సెంటీమీటర్లు. వయసు మీదపడ్డవారికి, మోకాళ్ళ నొప్పులున్నవారికి 30కీ 55కీ మధ్య తేడా చాలా పెద్దది.

ఆ కొలత తీసేటప్పుడు పడవ ఖాళీగా ఉండాలి. మీరిద్దరూ లోపల కూర్చుని గీత గీస్తే పడవ కిందికి దిగి ఉంటుంది. మనిషి నీళ్ళలో పడ్డాక పడవ తేలికై పైకి లేస్తుంది, మిగిలినాయన కంగారులో ముందుకు వెళ్తే వెనక భాగం ఇంకా లేస్తుంది, మీరు లెక్క వేసుకున్న మెట్టు అంత లోతున ఉండదు. కాబట్టి జెట్టీ దగ్గర ఖాళీ పడవ వెనక మాస్కింగ్ టేపు అంటించి నీటి గీత గుర్తు పెట్టండి. అంచునుంచి గీత వరకు 50, గీత కింద 55, మొత్తం 105 సెంటీమీటర్లు. మెట్టుకీ మెట్టుకీ మధ్య 28 చొప్పున వేస్తే నాలుగు మెట్లు. ఒక్క ముక్కలో ఇంత పొడవు మడిచినప్పుడు డెక్ పైన నిలువుగా లేచి ఉంటుంది కాబట్టి మధ్యలో కీలు పెట్టించి రెండు మడతలుగా చేయించండి. టెలిస్కోపు రకం, అంటే గొట్టంలో గొట్టం దూరేది, మన బురద నీళ్ళకు వద్దు. ఒండ్రు చేరి బిగుసుకుపోతుంది, సరిగ్గా కావలసినప్పుడే దిగదు.

స్థానం విషయానికి వస్తే వెనక గోడ, అంటే ట్రాన్సమ్ మంచిది. పక్కనుంచి ఎక్కితే చిన్న పడవ మనిషి మీదికే ఒరుగుతుంది. ట్రాన్సమ్ మధ్యలో చుక్కాని ఉంది, కుడివైపు ఇంజను బ్రాకెట్ ఉందన్నారు, కాబట్టి ఎడమ వైపే మిగిలింది. చుక్కానిని పూర్తిగా రెండు వైపులకీ తిప్పి చూడండి. నిచ్చెన మడిచి ఉన్నప్పుడూ దించి ఉన్నప్పుడూ రెండింటికీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. తెరచాపను లాగే మెయిన్‌షీట్ తాడు కూడా చూసుకోవాలి. గాలి వెనకనుంచి ఉండగా బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, ఇటునుంచి అటు మళ్ళేటప్పుడు వదులైన తాడు నిచ్చెన పై కొసకు చుట్టుకుందంటే పెద్ద ప్రమాదం. పై కొసలు గుండ్రంగా వంచి ఉండాలి, మొండిగా పొడుచుకు రాకూడదు. ఒడ్డుకు లాగేటప్పుడూ ట్రైలర్ మీద ఎక్కించేటప్పుడూ అది దేనికైనా తగులుతుందేమో ముందే చూసుకోండి.

ఒక్క ఇబ్బంది ఒప్పుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు దక్షిణపు గాలికి చిలికాలో పొట్టి అలలు లేస్తాయి. అప్పుడు పడవ వెనక భాగం ఎగిరి పడుతుంటుంది, కింద తల పెడితే దెబ్బ తగులుతుంది. అలాంటప్పుడు నిచ్చెనను చేతులు చాచి పక్కనుంచి పట్టుకోవాలి, నేరుగా ట్రాన్సమ్ కిందికి వెళ్ళకూడదు. ఇది మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇప్పుడు అసలు బలం సంగతి. మీరు "ఎంత లావు బోల్టు వేయాలి" అని అడిగారు. ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల లావు బోల్టు చాలు. తల మీద ఏ4-70 అని ముద్ర ఉన్న ఎం8 బోల్టును నేరుగా లాగి తెంపాలంటే రెండున్నర టన్నుల బరువు కావాలి. బోల్టు ఎప్పుడూ తెగదు. దాని వెనక ఉన్న ఫైబర్ పగులుతుంది, నలుగుతుంది, ఊడుతుంది.

ఎంత బలం పడుతుందో చూద్దాం. మీ బావమరిది 80 కిలోలు అనుకుందాం. ఆయన బరువు ట్రాన్సమ్ గోడనుంచి 25 సెంటీమీటర్లు బయటికి పడుతుంది. నిచ్చెన పైన బోల్టులతో పట్టుకుని ఉంటుంది, కింద రెండు కాళ్ళు గోడకు ఆనుకుంటాయి. బోల్టులకీ ఆ కాళ్ళకీ మధ్య నిలువుగా 40 సెంటీమీటర్లు ఉంటే బోల్టుల మీద బయటికి లాగే బలం 80 ఇంటూ 25 బై 40, అంటే 50 కిలోలు. అదే కాళ్ళు లేకుండా పొట్టి బ్రాకెట్‌తో ఆ దూరం 10 సెంటీమీటర్లే ఉంటే 200 కిలోలు. ఇది కదలకుండా నిలబడ్డ లెక్క. అలల్లో కుదుపుతో ఎక్కేటప్పుడు దీనికి రెట్టింపు వేసుకోండి. అందుకే గోడకు ఆనే ఊత కాళ్ళు వీలైనంత కిందికి ఉండాలి, వాటి కొసలకు వెడల్పాటి రబ్బరు పాదాలు ఉండాలి. వాటిని గోడకు బోల్టు చేయనక్కర్లేదు, ఆనితే చాలు. నీటి గీత కింద కన్నం వేయాల్సిన పని అసలు తెచ్చుకోవద్దు.

స్క్రూలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసింది కదా. లాగే బలానికి ఫైబర్‌లో స్క్రూ మర నిలవదు. ఆరుపార బోల్టు, లోపల వెడల్పాటి ప్లేటు, పెద్ద వాషరు, నట్టు. వేరే దారి లేదు.

బోల్టు వేసే ముందు ట్రాన్సమ్ లోపల ఏముందో తెలుసుకోవాలి. ఇంత పాత పడవల్లో ఎక్కువగా రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది, కొన్నిట్లో ఫోమ్ లేదా బాల్సా కర్ర. ఎప్పుడో ఇంజను బ్రాకెట్ కన్నాల్లోంచి నీరు చేరి ఆ ప్లైవుడ్ కుళ్ళి ఉంటే పైకి ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ రండి. బాగున్న చోట గట్టిగా ఖణేల్‌మంటుంది, పాడైన చోట బొదబొదమంటుంది. అనుమానం వస్తే లోపలి వైపునుంచి చిన్న డ్రిల్లు బిట్‌తో బయటి పొర దాకా పోకుండా ఒక కన్నం వేసి పొట్టు చూడండి. పొడిగా లేత రంగులో రాలితే మంచిది. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే నిచ్చెన సంగతి పక్కన పెట్టి ముందు ట్రాన్సమ్ బాగు చేయించుకోవాలి. కుళ్ళిన కర్ర మీద ఎంత మంచి నిచ్చెన బిగించినా లాభం లేదు.

వెనక భాగంలో మూసి ఉన్న గాలి పెట్టె ఉందేమో కూడా చూడండి. పడవ తిరగబడితే మునిగిపోకుండా తేల్చేది అదే. మీ బోల్టులు దాంట్లోకి దిగితే ప్రతి కన్నం ఒక లీకు. లోపలికి చేయి పోవడానికి ఆరంగుళాల గుండ్రటి ఇన్‌స్పెక్షన్ మూత ఒకటి పెట్టాలి, ఆ మూత కూడా రబ్బరు రింగుతో గాలి చొరబడనిది అయి ఉండాలి. చేయి పోని చోట గుడ్డిగా బోల్టు బిగించే ఆలోచన చేయొద్దు.

కన్నాలు వేసే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పదేళ్ళ తర్వాత ట్రాన్సమ్ నిలుస్తుందా కుళ్ళుతుందా అన్నది ఈ గంట పనిలో తేలుతుంది.

నిచ్చెనను స్థానంలో పట్టుకుని టేపు మీద గుర్తులు పెట్టుకోండి. టేపు తీయకుండానే బయటినుంచి సన్నటి 3 మిల్లీమీటర్ల కన్నం ఆరుపార వేయండి. జెల్‌కోట్, అంటే పడవ పైన నున్నగా మెరిసే పూత, గాజులాంటి పెళుసు పొర, తొందరపడితే పెచ్చు లేస్తుంది. తర్వాత లోపలినుంచి 16 మిల్లీమీటర్ల బిట్‌తో లోపలి ఫైబర్ పొరనూ ప్లైవుడ్‌నూ తొలచండి, బయటి పొర దగ్గర ఆగిపోండి. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే బయటికి దూసుకుపోదు. బయటి చిన్న కన్నాన్ని టేపుతో మూసేయండి. ఇప్పుడు ఉత్తి ఎపాక్సీ కలిపి సన్న కుంచెతో ఆ గుంతలో కర్ర అంచులకు పట్టించండి. పది నిమిషాల్లో కర్ర పీల్చేస్తుంది, మళ్ళీ పట్టించండి. ఆ తర్వాత ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గారెల పిండిలా, గరిటె నిలువుగా పట్టినా జారనంత గట్టిగా చేసి గుంత నిండా కూరండి. గాలి బుడగ మిగలకుండా సన్న పుల్లతో కుక్కాలి. ఎపాక్సీ కొద్దికొద్దిగానే కలుపుకోండి. మన ఎండలకు గ్లాసెడు ఒకేసారి కలిపితే చేతిలోనే వేడెక్కి గడ్డకడుతుంది.

మర్నాడు అది రాయిలా అయ్యాక బయటినుంచి 8 మిల్లీమీటర్ల బిట్‌తో దాని నడుమ కన్నం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది కర్ర కాదు, ఎపాక్సీ కడ్డీ. రేపు సీలెంట్ పాతబడి నీరు దిగినా ప్లైవుడ్‌ను తాకలేదు, బోల్టు బిగించినప్పుడు మధ్య పొర నలగదు. చివరగా బయటి అంచును కౌంటర్‌సింక్ బిట్‌తో చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పి ఏటవాలు చేయండి. జెల్‌కోట్‌లో నక్షత్రం లాంటి పగుళ్ళు రావు, సీలెంట్ అక్కడ రింగులా చేరి నిలుస్తుంది.

లోపలి ప్లేటుకు రెండు దారులు. ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ముక్కను అంచులతో సహా ఎపాక్సీలో ముంచి వాడొచ్చు. నాకు మాత్రం ఫైబర్ ప్లేటే ఇష్టం. సన్‌మైకా ముక్క మీద మైనం రాసి, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే ఫైబర్‌గ్లాస్ మ్యాట్ ఆరు పొరలు రెజిన్‌తో వేస్తే సుమారు 6 మిల్లీమీటర్ల ప్లేటు వస్తుంది, ఎప్పటికీ కుళ్ళదు. ఒక్కో బోల్టుకు చిన్న ముక్క కాకుండా రెండు మూడు బోల్టులను కలిపి ఒకే వెడల్పాటి ప్లేటు వేయండి, మూలలు గుండ్రంగా తీయండి. ట్రాన్సమ్ లోపలి గోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గట్టి ఎపాక్సీ ముద్ద మధ్యలో వేసి ప్లేటును కూర్చోబెట్టాలి. లేకపోతే రెండు చోట్లే ఆని మిగతాది గాల్లో ఉంటుంది. అల్యూమినియం ప్లేటు వద్దు. ఉప్పు తగిలే చోట స్టీలు బోల్టుతో కలిస్తే అల్యూమినియం తెల్ల పొడిగా రాలిపోతుంది.

రెజిన్ మీరే కలుపుకుంటే ఒక హెచ్చరిక. మామూలు పాలిస్టర్ రెజిన్‌కు అది త్వరగా గట్టిపడేందుకు కోబాల్టు, గట్టిపరిచే ఎంఈకేపీ హార్డెనర్ రెండూ వేస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపొద్దు, మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ముందు కోబాల్టు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ వేయాలి. కళ్ళజోడు తప్పనిసరి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇంకొకటి, పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది గానీ ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అతకదు. వరస తప్పకండి.

సీలెంట్‌కు పాలీయూరిథేన్ మెరైన్ రకం, ఉదాహరణకు సికాఫ్లెక్స్ 291, సరిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే బాత్రూమ్ సిలికాన్ మాత్రం తేకండి. పట్టు తక్కువ, తర్వాత తీసినా దాని జిడ్డు పోదు, ఆ చోట ఇంకేదీ అంటదు. బోల్టు తల కింద, కన్నం అంచున, బ్రాకెట్ అడుగున సీలెంట్ రాసి బయటినుంచి దూర్చండి. బయట ఒకరు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, లోపల ఒకరు నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే సీలెంట్ చిరిగిపోతుంది. చుట్టూ సన్నగా బయటికి ఊరగానే ఆపండి. మొత్తం పిండేస్తే లోపల మిగిలేది ఏమీ ఉండదు. స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద వేడెక్కి పట్టేస్తుంది, ముఖ్యంగా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు. మరకు కొంచెం యాంటీసీజ్ గ్రీజు రాసి స్పానర్‌తో నెమ్మదిగా తిప్పండి, మిషను పెట్టకండి.

స్టీలు సంగతికి వద్దాం. మన ఊళ్ళ రెయిలింగు షాపుల్లో తిరిగే గొట్టం చాలావరకు 202 గ్రేడు, బాగా అడిగితే 304. కొత్తగా ఉన్నప్పుడు ఈ రెండూ, అసలు కావలసిన 316 కూడా ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం అంటుకోలేదు కదా మంచిదే అని షాపువాళ్ళు చూపిస్తారు, కానీ 202కి కూడా అంటుకోదు, ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. ఉప్పు నీళ్ళకు కావలసింది 316. అందులో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు వేసే గుంటలను ఆపేది అదే. చిలికా నీరు సముద్రమంత ఉప్పగా లేకపోయినా 202 గొట్టం వెల్డింగు దగ్గర కొద్ది నెలల్లోనే ఎర్రబారుతుంది. గొట్టం లోపలినుంచి తినేస్తే బయటికి కనపడదు. బిల్లు మీద 316 అని రాయించుకోండి, వాళ్ళ దగ్గర లేకపోతే గొట్టం విశాఖనుంచి తెప్పించి వెల్డింగు ఇక్కడ చేయించండి. 25 మిల్లీమీటర్ల గొట్టం, 2 మిల్లీమీటర్ల మందం. వెల్డింగు చేశాక నీలం మచ్చలు అలాగే వదిలేస్తారు, వాటిని పికిలింగ్ పేస్టుతో, అంటే స్టీలు మచ్చలు తీసే యాసిడ్ ముద్దతో, శుభ్రం చేయమని పట్టుబట్టండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. బోల్టుల తలల మీద ఏ4 అని ఉంటే 316 రకం, ఏ2 అని ఉంటే 304. మెట్లు ఉత్త గొట్టాలుగా వదలొద్దు, చెప్పుల్లేని పాదానికి గుచ్చుకుని నిలబడనివ్వదు. మీద చదునైన పట్టీ వెల్డింగు చేయించి గరుకు టేపు అంటించండి.

ఇప్పుడు ఎక్కువమంది మరిచిపోయే భాగం. నిచ్చెన పైన మడిచి గట్టిగా కట్టేసి ఉంటే నీళ్ళలో ఉన్నవాడికి అది ఉన్నా లేనట్టే. యూరప్‌లో 2013లో వచ్చిన చిన్న పడవల నిబంధన, 2013/53, ఈ విషయాన్ని నేరుగా చెబుతుంది. తిరిగి ఎక్కే సాధనం నీళ్ళలో ఉన్న మనిషికి ఎవరి సాయమూ లేకుండా అందాలి, లేదా అతనే దించుకోగలగాలి. కాబట్టి నిచ్చెనను ఒక్క లాగుడుకి ఊడే ముడితోనో వెల్క్రో పట్టీతోనో కట్టండి. ఆ ముడి కొసను నీటికి జానెడు పైన వేలాడేలా వదిలి, చివర ఎర్రటి చెక్క బిళ్ళో పెద్ద ముడో వేయండి. తడి చేతికి పట్టు దొరకాలి. చుక్కానికీ ఇంజను పంకాకీ చిక్కేంత పొడవు మాత్రం వదలొద్దు. దానంతట అది ఊడి దిగకూడదు కూడా. చిలికాలో వలలు, రొయ్యల ఘేరీల (నీళ్ళలో కట్టే పెంపకపు కంచెల) వెదుళ్ళు ఎక్కడ ఉంటాయో తెలియదు, నిచ్చెన దిగి ఉందంటే వాటిని పట్టుకుని లాగేస్తుంది. పేదవాడి వల చిరుగుతుంది, మీ ట్రాన్సమ్ కూడా పోతుంది.

నిచ్చెనతో పాటు డెక్ మీద రెండు పిడులు బిగించండి, చివరి మెట్టు మీద నిలబడ్డప్పుడు చేతికి అందేంత ముందుకు. సగం మంది ఆగిపోయేది ఆ చివరి మెట్టు దగ్గరే. పట్టుకోవడానికి ఏమీ లేక మళ్ళీ వెనక్కి పడతారు. పిడులకూ అదే పద్ధతి, ఎపాక్సీ, ప్లేటు, బోల్టు.

అంతా బిగించి సీలెంట్ ఆరడానికి వారం వదిలాక నీటికి ముందు ఒడ్డునే పరీక్షించండి. పడవను ట్రైలర్ మీద ముందు భాగం గట్టిగా కట్టి, మీరిద్దరూ కలిసి నిచ్చెన మీద నిలబడి మెల్లగా ఊగండి. మూడో మనిషి ట్రాన్సమ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోడ ఉబ్బుతున్నట్టు అనిపించినా, కిటకిటమన్నా, జెల్‌కోట్‌లో సన్న గీత కనపడినా ప్లేటు పెద్దది చేయాలి.

తర్వాత జెట్టీ పక్కన, ప్రశాంతంగా ఉన్న ఉదయం పూట, లైఫ్ జాకెట్ వేసుకుని, ప్యాంటూ చొక్కాతో నీళ్ళలో దిగండి. లోపలివాళ్ళు ఒక్క మాట చెప్పకుండా, చెయ్యి ఇవ్వకుండా మీరే తాడు లాగి, నిచ్చెన దించి, ఎక్కాలి. మీ ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్నవారు, కానీ పడవ ఎక్కేవారు, వారూ చేయాలి. మీ అమ్మాయి కూడా వస్తుందని రాశారు కదా, ఆ అమ్మాయి చేయి ఆ తాడు కొసకు అందకపోతే కొస ఇంకా కిందికి దించాలి.

నిచ్చెన ఉంటే సరిపోదు, పడవ కూడా ఆగాలి. తెరచాప నిండా గాలితో పడవ మూడు నాట్ల వేగంతో పోతుంటే సెకనుకు మీటరున్నర. బట్టలతో ఈదే ఏ మనిషీ దాన్ని అందుకోలేడు. ఒకరు పడగానే మిగిలినవారు మెయిన్‌షీట్ పూర్తిగా వదిలేసి పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పాలి. ఇంజను నడుస్తుంటే నిచ్చెన దగ్గరికి మనిషి రాకముందే ఆపేయాలి. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు, పూర్తిగా ఆపాలి. మీ నిచ్చెనకూ పంకాకూ మధ్య మీటరు దూరమే ఉంటుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, వానాకాలం వద్దు. గాలిలో తేమకు ప్లైవుడ్ ఆరదు, ఎపాక్సీ పైన జిగట పొర చేరుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. కాలబైశాఖి గాలులు, అంటే వేసవి ఉరుముల గాలివానలు, మొదలయ్యేలోపు పూర్తయితే వేసవిలో నిశ్చింతగా తిరగొచ్చు. అప్పటిదాకా ఊరికే ఉండకుండా, రెండు అంగుళాల నైలాన్ పట్టీతో మూడు మడతల రికాబు కుట్టించి ట్రాన్సమ్ మీదున్న గట్టి కొక్కేనికి తగిలించి ఉంచండి. ఇబ్బందిగానే ఉంటుంది గానీ కాలికి ఆధారం దొరుకుతుంది.

డ్రిల్లు పట్టే ముందు ట్రాన్సమ్ లోపలి వైపు ఫోటో, బయటినుంచి నీటి గీత టేపు కనపడే ఫోటో, తట్టి చూసినప్పుడు ఎక్కడెక్కడ శబ్దం మారిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టిన ఫోటో ఇక్కడ పెట్టండి. కన్నాలు ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.